పరిశీలనలో రామాంజినప్ప పేరు

రామాంజినప్ప రాజకీయ విలేకరి. ఈ మాట వినగానే చేతిలో కలం, గుండెలో నిప్పు, ఎదుట వణికే అధికారం అని ఊహించుకునేవాళ్లు పత్రికా దినోత్సవ సభలకు వెళ్లి ఆ ముచ్చట అక్కడే తీర్చుకోవచ్చు. రామాంజినప్ప చేతిలో ఎప్పుడు చూసినా, బెంగళూరులో శాసనసభ కొలువుండే విధానసౌధ క్యాంటీన్ కాఫీ ఉండేది. గుండెలో ఉన్నది ఎసిడిటీ. ఇక అధికారమంటారా, అది ఆయన్ని చూసి వణకలేదు సరికదా, ఎదురుపడితే భుజం మీద చెయ్యి వేసి "ఏమప్పా, టిఫినాయెనా?" అని అడిగేది. ఆయన దాన్నే పరపతి అనుకున్నాడు.

ఊరు సరిహద్దులో, బాగేపల్లి పక్కన. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. బెంగళూరు విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చేశాడు. ఒక తెలుగు దినపత్రిక బెంగళూరులో అచ్చు మొదలుపెట్టినప్పుడు, కన్నడంలో విని తెలుగులో రాయగల మనిషి కోసం వెతికితే ఆయన దొరికాడు. ఆ పత్రిక చదివేది సరిహద్దు జిల్లాల రైతులు, చిక్కపేట బట్టల వ్యాపారులు, కట్టడం పనులకు వచ్చిన మేస్త్రీలు. వాళ్లకు విధానసౌధ అంటే రామాంజినప్పే. ఆయన రాస్తే జరిగినట్టు, రాయకపోతే జరగనట్టు. ఇన్నేళ్లు ఇంత నమ్మకాన్ని మోసినవాడు కాస్త వంగిపోవాలి. ఈయన మాత్రం ఏడాదికేడాది నిటారుగా తయారయ్యాడు.

ఆయన పనిచేసే పద్ధతి గురించి చెప్పాలి. ఎవరో ఒక నాయకుడు మాట్లాడతాడు. మాట్లాడటం అయిపోగానే అన్ని పత్రికల విలేకరులూ క్యాంటీన్‌లో ఒక బల్ల చుట్టూ చేరతారు. "ఈ పొద్దు ఏం రాస్తాం?" అని ఒకరు అంటారు. నాయకుడు చెప్పినదాంట్లో ఏది వార్త, ఏది కాదు అన్నది ఆ బల్ల దగ్గర తేలుతుంది. అందరూ అదే రాస్తారు. ఒకడు రాసి ఇంకొకడు రాయకపోతే, రాయనివాడికి మర్నాడు పొద్దున్నే డెస్క్ నుంచి ఫోను వస్తుంది. ఆ ఫోను ఎవరికీ రాకూడదన్నదే బల్ల దగ్గరి ధర్మం. దీన్నే బయట స్వేచ్ఛాయుత పత్రికారంగం అంటారు.

ఆ బల్ల దగ్గర రామాంజినప్పకు ఒక విద్యలో పెద్దరికం ఉండేది. మంత్రివర్గ విస్తరణ అన్నా, బోర్డుల నియామకాలన్నా, 'పరిశీలనలో ఉన్న పేర్లు' అనే వార్త ఆయన రాసినట్టు ఎవరూ రాయలేరు. మొదటి రెండు పేర్లు ఊరందరికీ తెలిసినవే వేసేవాడు. మూడోది కులం లెక్క, నాలుగోది ప్రాంతం లెక్క. ఆఖరి పేరు మాత్రం ఆయన సొంత ఆస్తి. ఆ వారం ఎవరు ఫోన్ చేసి "రామాంజినప్పా, మన పేరు కూడా..." అని నసిగితే వాళ్లది. ఇందులో ఉన్న సొగసేమిటంటే, వార్త ఎన్నడూ తప్పు కాదు. పదవి వస్తే ముందే చెప్పిన ఘనత. రాకపోతే పరిశీలించారు, ఇవ్వలేదు, అంతే. పరిశీలించలేదని ఏ పార్టీ ఇంతవరకూ ఖండన పంపలేదు.

ఇట్లా ఎందరికో ఆఖరి చోటు దానం చేసినవాడికి రిటైర్మెంటు దగ్గరపడింది. అప్పుడే సర్జాపురలో ఒక పెళ్లికి వెళ్లాడు. అక్కడ కృష్ణప్ప కనిపించాడు. కృష్ణప్ప ఒకప్పుడు ఇంకో పత్రికకు రాజకీయ విలేకరి. ఆయన రాస్తే ప్రభుత్వాలు కదిలేవని ఆయనే చెప్పేవాడు. ఒక మాజీ మంత్రి మంటపంలోకి వస్తుంటే కృష్ణప్ప లేచి నిలబడి నవ్వాడు. మాజీ మంత్రి రెండు చేతులూ జోడించి, "తమరు పిల్లోని తరపా, పిల్ల తరపా స్వామీ?" అని అడిగి, జవాబు వినకుండా ముందుకు పోయాడు. కృష్ణప్ప నవ్వు అట్లాగే ముఖం మీద కాసేపు ఉండి, వెళ్లే దారి తెలియక నిలిచిపోయింది.

రామాంజినప్పకు ఆ భోజనం ఒంటబట్టలేదు. ఉద్యోగం పోవడం ఒక లెక్క. ఫోను మోగకపోవడం ఇంకో లెక్క. వచ్చే ఏడాది ఈపాటికి తనూ ఏదో మంటపంలో లేచి నిలబడి నవ్వాలి. 

ఆ నెలలోనే విధాన పరిషత్తులో, అంటే శాసనమండలిలో, నామినేటెడ్ స్థానం ఒకటి ఖాళీ అయింది. సాహిత్యం, కళలు, శాస్త్రం, సహకారం, సమాజ సేవ – వీటిలో పేరున్నవాళ్లకు ఇవ్వాలని రాజ్యాంగం చెబుతుంది. పేరున్నవాళ్లు ఎవరో ప్రభుత్వం చెబుతుంది. మామూలుగానే రామాంజినప్ప 'పరిశీలనలో ఉన్న పేర్లు' రాయడానికి కూర్చున్నాడు. నాలుగు పేర్లు పడ్డాయి. ఆ వారం ఎవరూ ఫోన్ చేయలేదు. ఆఖరి చోటు ఖాళీగా ఉంది. ఆయన కంప్యూటర్ తెరవైపు చూసి, "సరిహద్దు జిల్లాలకు చెందిన ఒక సీనియర్ తెలుగు పాత్రికేయుడి పేరు కూడా తెరమీదికి వచ్చినట్టు విశ్వసనీయ వర్గాల సమాచారం" అని కొట్టాడు. సరిహద్దు జిల్లాల సీనియర్ తెలుగు పాత్రికేయులు ఎందరున్నారని లెక్క తీస్తే ఒక్కడే తేలతాడు. కానీ పేరు రాయలేదు కదా. ఆ మాత్రం నియమనిష్ఠలు ఆయనకున్నాయి.

మర్నాడు క్యాంటీన్‌లో స్టాన్లీ పట్టుకున్నాడు. స్టాన్లీ ఇంగ్లీషు పత్రికలో చేస్తాడు. కంటోన్మెంటులో పుట్టి పెరిగిన తెలుగువాడు, బల్ల దగ్గర ఈయనకు జోడీ.

"ఎవరప్పా ఆ సీనియర్ పాత్రికేయుడు? నువ్వేనా?"

రామాంజినప్ప కాఫీ ఊదుకున్నాడు. "నేను చెప్పకూడదు."

"అంటే నువ్వే! పాపీ, మాకు ఒక్క మాట హింట్ ఇయ్యలేదే! ఏ కోటా?"

"అది వాళ్లిష్టం కదప్పా."

"లిటరేచర్ కోటా అడుగు. ఇన్నేళ్లు నువ్వు రాసిందంతా కల్పనే కదా, ఎవరూ కాదనరు."

బల్లంతా నవ్వింది. రామాంజినప్ప కూడా నవ్వాడు. స్టాన్లీ నవ్వి ఊరుకోలేదు, మర్నాడు పేరుతో సహా రాసేశాడు. ఇంగ్లీషులో వచ్చేసరికి కన్నడ టీవీవాళ్లకు అది నిజమైపోయింది. తెర కింద పాకే అక్షరాల్లో వేశారు. టీవీలో వచ్చింది కాబట్టి మిగిలిన పత్రికలు రాశాయి. అన్ని పత్రికల్లో వచ్చి మనదాంట్లో రాలేదేమని రామాంజినప్ప డెస్క్ రామాంజినప్పకే ఫోన్ చేసింది. విధిలేక ఆయన తన పేరు తానే రాసుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే చందాపురలోని తన ఇంట్లో పేపర్లన్నీ పరుచుకుని కూర్చుని చదువుతుంటే భార్య నేత్రావతి దోసెల పెనం దగ్గర్నుంచే అడిగింది.

"ఏం సదువుతాండావు అంత నగుమొగంతో?"

"నా పేరు పరిశీలనలో ఉండాదంట."

"ఎవరు చెప్పిరి?"

"అన్ని పేపర్లూ రాసిండారు కదే! ఇంగ్లీషోళ్లు రాసిండారు, కన్నడంవాళ్లు రాసిండారు."

"మొదట రాసింది నువ్వే కదా?"

"నేను ఒక సీనియర్ పాత్రికేయుడని రాస్తి. నా పేరు నేను రాయలా. ఇంతమంది రాస్తాండారంటే ఏదో ఉంటాది కదా. ఉత్తినే రాస్తారా?"

నేత్రావతి అట్లకాడ పట్టుకుని బయటికి వచ్చి ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఇన్నేండ్లు నువ్వు ఉత్తినే రాయలా?" అని లోపలికి పోయింది.

ఆ ప్రశ్న తలకెక్కితే ఈ కథ అక్కడే ఆగేది. ఊళ్లో అందరూ నమ్మినా ఆయన ఒక్కడు నమ్మకుండా ఉండాల్సిన వార్త అది. కానీ ఆయన అచ్చక్షరాన్ని నమ్మే మనిషి. ఎవరు అచ్చువేశారన్నది పట్టించుకోడు. సాయంత్రానికి రెండు జతల తెల్ల ఖాదీ చొక్కాలకు కొలతలిచ్చి వచ్చాడు.

ఆ తర్వాత జరిగింది తిరునాళ్లే. లేఅవుటు సంఘంవాళ్లు వచ్చి కావేరి నీళ్లు ఎప్పుడొస్తాయని అడిగి, వినతిపత్రం చేతిలో పెట్టి, ఫొటో తీసుకున్నారు. చందాపుర సర్కిల్‌లో 'కాబోయే ఎమ్మెల్సీ' అని ఫ్లెక్సు లేచింది. అందులో రామాంజినప్ప ముఖం చిన్నది, కట్టించినవాళ్ల ముఖాలు పెద్దవి. సరిహద్దు జిల్లాల బంధుసంఘం ఒకటి శాలువా కప్పి, మైసూరు పేట అనే తలపాగా నెత్తిన పెట్టి, బుట్టెడు పండ్లిచ్చింది. పేట కాస్త వదులైంది. కళ్లమీదికి జారుతుంటే ఒక చేత్తో పట్టుకుని ఆయన మాట్లాడాడు. "పదవి నేను కోరలేదు. ఇస్తే బాధ్యతగా తీసుకుంటా" అన్నాడు. ఇదే వాక్యాన్ని ఎందరో నాయకులు అనకపోయినా వాళ్ల తరఫున రాసి రాసి అరగదీసినవాడు, మొదటిసారి సొంత నోటితో అన్నాడు. కళ్లు చెమర్చాయి కూడా.

పత్రికలో న్యూస్ ఎడిటర్ దామోదర్ పిలిపించాడు. కృష్ణా జిల్లా మనిషి, మర్యాద తప్పడు.

"రామాంజినప్ప గారూ, సంతోషం. కానీ మీరే ఆశావహులై మీరే రాయడం బాగుండదు కదండీ. ఇది తేలేదాకా విధానసౌధ వార్తలు చైత్ర చూసుకుంటుంది."

"తేలేదాకానే కదా సార్?"

"తేలేదాకానే."

రామాంజినప్ప అభ్యంతరం చెప్పలేదు. ఎమ్మెల్సీ కాబోయేవాడికి విధానసౌధ బీటు ఎందుకు? చైత్ర చేరి రెండేళ్లు. కుందలహళ్లిలో అద్దెకుంటుంది. ఇన్నాళ్లూ చెరువుల ఆక్రమణల గురించి రాసేది. అంటే, ఆమె రాసేది ఎవరూ చదివేవారు కాదు. ఎవరు నష్టపోయారో వాళ్లు తప్ప.

ఇంతలో నిజంగానే అధికార పార్టీ ఆఫీసు నుంచి కబురొచ్చింది. ప్రధాన కార్యదర్శి మునినారాయణప్ప రమ్మన్నాడు. ఆయన ఎవరినైనా రమ్మన్నాడంటే విషయం ముదిరినట్టే. గదిలో ఇంకెవరూ లేరు. తలుపు వేయించాడు.

"కూర్చో అప్పా. ఒకటే మాట అడుగుతా. నువ్వు ఎవరి మనిషివి?"

 ఈ రాష్ట్రంలో ఏ ఎమ్మెల్యే ఎవరి మనిషో, వాడి బావమరిది ఎవరి మనిషో నిద్రలో లేపి అడిగినా రామాంజినప్ప చెప్పగలడు. తాను ఎవరి మనిషీ కాడన్న సంగతి మాత్రం అప్పుడే తట్టింది. అలవాటైన నవ్వు ఒకటి నవ్వాడు.

"నేను చెప్పకూడదు అన్నా."

మునినారాయణప్ప తల పంకించాడు. "అర్థమాయె. ఢిల్లీ. నేను అనుకుంటానే ఉండా. శుక్రవారం పేరు పైకి, గవర్నరు దగ్గరికి పోతాది. అంతవరకూ నోరు కట్టుకో."

రామాంజినప్ప మెట్లు దిగేటప్పుడు కాళ్లు నేలమీద ఆనలేదు. అప్పటికి అవతల జరుగుతున్నది ఇది: మునినారాయణప్ప ఈయన్ని ఢిల్లీ మనిషి అనుకున్నాడు. ముఖ్యమంత్రి దగ్గరివాళ్లు, మునినారాయణప్ప పిలిచి మాట్లాడాడంటే ఆయన మనిషే అనుకున్నారు. ఢిల్లీ నుంచి ఈ రాష్ట్రం సంగతులు చూసే పార్టీ ఇన్‌ఛార్జి, రాష్ట్రంవాళ్లు పంపిన పేరు కాబట్టి వాళ్ల ముఖ్యమంత్రి మనిషి అనుకున్నాడు. ఎవరి మనిషో తెలియనివాణ్ణి కొట్టేసే ధైర్యం ఏ పార్టీలోనూ ఎవరికీ ఉండదు. అందుకని పేరు ఎవరూ కొట్టేయలేదు. రామాంజినప్ప అల్లిన వార్త నిజమైపోయింది. శుక్రవారం దాకా ఎవరూ ఎవరినీ అడగకపోతే చాలు.

చైత్ర అడిగింది.

బుధవారం మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసి ప్రెస్ క్లబ్ ఆవరణకు వచ్చింది. రామాంజినప్ప కొత్త తెల్లచొక్కాలో చెట్టుకింద బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. గురువులాగా ఎదురుగా కూర్చోమని సైగ చేశాడు.

"సార్, నామినేషన్ స్టోరీ చేస్తున్నాను. మీ పేరు ఎవరు ప్రపోజ్ చేశారు?"

"వర్గాలు అని రాసుకోమ్మా."

"ఏ వర్గాలు సార్?"

"రాజకీయ వర్గాలు."

"అంటే ఎవరు? పేరు చెప్పండి సార్."

"పేరు చెప్తే ఇంక అది వర్గం ఎట్లయితాదమ్మా?" రామాంజినప్ప నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"మునినారాయణప్పగారిని అడిగాను సార్. నేను కాదు, ఢిల్లీ అన్నారు. ఢిల్లీ ఇన్‌ఛార్జికి కాల్ చేశాను. సీఎం సైడ్ నుంచి వచ్చింది అన్నారు. సీఎం పొలిటికల్ సెక్రటరీని అడిగితే మునినారాయణప్పగారి క్యాండిడేట్ కదా అన్నారు. ముగ్గురూ తమ పేరు పెట్టి రాసుకోమన్నారు."

రామాంజినప్ప వెన్ను నిటారుగా అయింది. "నేరుగా అడిగినావా?"

"అవును సార్."

"అడిగితే చెప్పిరా?"

"అడిగితే చెప్పారు సార్."

ఇన్నేళ్ల వృత్తిలో ఆయనకు తట్టని ఉపాయం అది. కాసేపు ఆ పిల్లను, చెట్టుమీద కాకిని, మళ్లీ ఆ పిల్లను చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అమ్మా చైత్రా. నువ్వు నా కూతురట్లాదానివి. శుక్రవారం పేరు పైకి పోతాండాది. ఈ రెండు దినాలు ఆ వార్త ఆపు. శనివారం రాసుకో, ఎంతైనా రాసుకో. నా మాటే కోట్‌గా ఇస్తా."

"శనివారానికి అది న్యూస్ కాదు కదా సార్."

"అదే నేను చెప్తాండేది!"

"సార్, ఒక్క ప్రశ్న. ఆ ఫస్ట్ స్టోరీలో విశ్వసనీయ వర్గాలు అని ఉంది. అది మీరు రాసిన కాపీనే. ఎవరు సార్ ఆ వర్గాలు?"

 ఈసారి రామాంజినప్ప నోట 'నేను చెప్పకూడదు' రాలేదు. ఇక్కడ ఆ నవ్వు పనిచేయదని తెలిసింది. స్టాన్లీ, బల్ల దగ్గరివాళ్లు, చివరికి మునినారాయణప్ప – అందరూ ఆ నవ్వును ఎవరికి తోచినట్టు వాళ్లు తర్జుమా చేసుకున్నారు. ఈ పిల్లకు తర్జుమా చేసుకునే అలవాటు లేదు. ఎదుటివాడు మాట్లాడేదాకా కూర్చుంటుంది.

"మీరేనా సార్?" అంది చివరికి, కాస్త మెల్లగా.

"కాఫీ తాగి పో అమ్మా," అన్నాడు రామాంజినప్ప.

ఆమె తాగకుండానే వెళ్లింది. ఆయన వెంటనే దామోదర్‌కు ఫోన్ చేశాడు.

"సార్, ఆ పిల్ల ఏదో తెలిసీ తెలియక రాస్తాండాది. కాపీ వస్తే ఆపండి. పత్రిక పరువు సార్. మనం వేసిన వార్తను మనమే కాదంటే ఎట్లా?"

"చూస్తానండీ," అన్నాడు దామోదర్.

చూశాడు. రెండుసార్లు చదివి, ఒక్క అక్షరం కొట్టేయకుండా మొదటి పేజీకి పంపాడు. దామోదర్‌కు ఉన్నట్టుండి సత్యం మీద ప్రేమ పుట్టిందని సంబరపడనక్కర్లేదు. తన కింద పనిచేసినవాడు ఎమ్మెల్సీ అయి ఆఫీసుకు వస్తే లేచి నిలబడాల్సింది తనే. పత్రికల్లో మంచి వార్తలు చాలావరకు ఇట్లాగే బయటపడతాయి.

గురువారం పొద్దున్న చందాపుర ఇంటి గుమ్మంలో పేపరు పడింది. 'రామాంజినప్పను ప్రతిపాదించింది ఎవరు? మేం కాదంటున్న ముగ్గురు'. మునినారాయణప్ప ఇట్లా అన్నారు, ఇన్‌ఛార్జి అట్లా అన్నారు, ముఖ్యమంత్రి రాజకీయ కార్యదర్శి ఇంకోలా అన్నారు. ఎవరు, ఎక్కడ, ఏ మాట అన్నారో ఉన్నది ఉన్నట్టు. ఆఖరున ఒక వాక్యం: 'ఆయన పేరు పరిశీలనలో ఉందని మొదట రాసింది రామాంజినప్పే, ఆ సమాచారం ఎవరిచ్చారన్న ప్రశ్నకు ఆయన సమాధానం ఇవ్వలేదు'.

టిఫిను ముందే మునినారాయణప్ప పీఏ ఫోన్ చేశాడు. "అన్న మీరు ఆఫీసు పక్కకి రావద్దన్నాడు. ఆ పొద్దు తన గదిలో మీరు నవ్వినందుకు మనసులో పెట్టుకోనని చెప్పమన్నాడు." మధ్యాహ్నానికి ఆ పేరు పోయి ఒక లాయరు పేరు చేరింది. ఆయన ఎవరి మనిషో అందరికీ తెలుసు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. బీటు ఇక చైత్రదేనని, రిటైరయ్యేదాకా మీరు పండుగల ప్రత్యేక పేజీలు చూడాలని దామోదర్ మర్యాదగా మెసేజ్ పంపాడు. చివర రెండు దండాల బొమ్మలు కూడా పెట్టాడు.

 నేత్రావతి కొత్త చొక్కాలు మడతపెట్టి బీరువాలో పైఅరలో పెట్టింది. 

సాయంత్రం స్టాన్లీ ఫోన్ చేశాడు. ఓదార్చడానికే చేశాడు, కానీ గొంతులో నవ్వు ఆగడం లేదు.

"ఏమప్పా, ఆ పాప మామూలుగా కొట్టలేదు కదా! క్యాంటీన్‌లో అందరూ అదే టాపిక్. రేపట్నుంచి మా డెస్క్‌వాళ్లు కూడా పేర్లు పెట్టి రాయమంటారేమో అని భయమయితాండాది."

రామాంజినప్ప వరండాలో కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పేపరు. పొద్దున్నుంచి ఎన్నోసార్లు చదివాడు. ఎక్కడ తప్పు పట్టాలో వెతికాడు. వృత్తిలో పండిన మనిషి కాబట్టి ఆ వార్తలోని అసలు లోపం దొరికేసింది. తన పదవి పోయిన బాధ కాసేపు వెనక్కి పోయి, నిజమైన పాత్రికేయ ఆవేదన గొంతులోకి వచ్చింది.

"నా సంగతి పోనీ స్టాన్లీ. ఆ పిల్ల రాతలో వార్త యాడుండాది చెప్పు? ఎవరు ఏమన్నారో అన్నీ పేర్లతో సహా రాసేసింది. ఒక వర్గం లేదు, ఒక సమాచారం లేదు. ఇట్లా రాస్తే ఎవడు నమ్ముతాడప్పా?"